సుద్దగీత

త్రివేండ్రం,
12-1-1975

ప్రియమైన గంగాభవానికి,

ఇక్కడ క్షేమం. రాకెట్ బాగానే ఎగిరింది. గాలి దాటి పైన ఉన్న అయిదు నిమిషాల్లో, మేం కట్టిన పెట్టె ఒక నక్షత్రం నుంచి వచ్చే ఎక్స్-రేలను లెక్కపెట్టింది. తరవాత అంతా సముద్రంలో పడిపోయింది. పోయినసారి లెక్కలో ఇప్పుడు సగమే వచ్చింది. నక్షత్రం మసకబారిందని మా గురునాథం సారు పొంగిపోతున్నారు. వ్యాసం కూడా రాస్తున్నారు.

నాకే అన్నం సయించడం లేదు. అక్కడ రైల్వే వ్యాగన్ల మరమ్మతు షాపులో నాన్నా నేనూ తనిఖీ అయిన ప్రతి బండి మీదా సుద్దతో గీత పెట్టేవాళ్లం కదా, ఆ అలవాటు నా చేతిని వదల్లేదు. ఈ పెట్టె మూత మీదా పెట్టేశాను! మూత తీసినప్పుడు సుద్దపొడి, ఎక్స్-రేలు లోపలికి వెళ్లే పల్చటి రేకు మీద రాలి వాటిని అడ్డుకుందేమో. మసకబారింది నక్షత్రమా, లేక నా పెట్టేనా? చెబితే పంపించేస్తారు. రైల్వేకి రాజీనామా ఇచ్చేసి వచ్చినవాణ్ణి. జూన్‌లో నిన్నూ పాపనూ తెచ్చుకుందామనుకున్నాను. ఏం చెయ్యను?

నీ
పరదేశి

డబ్ల్యూఆర్ఎస్ కాలనీ, రాయపూర్,
24-1-1975

ప్రియమైన శ్రీవారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఎక్స్-రే అంటే పాప చెయ్యి విరిగినప్పుడు తీసిందే నాకు తెలుసు. నక్షత్రానికి ఏం విరిగిందండీ?

మావయ్య షాపు నుంచి రాగానే చదివి వినిపించాను. "గీతెట్టినోడిదే పూచీ. అనుమానముంటే బండి ఆపీయాల. ఆడికిది మళ్లీ సెప్పాలేటి?" అని కంచం ముందు నుంచి లేచిపోయారు. పెట్టె సముద్రంలో ఉంటే ఇంక ఆపేదేమిటి? నాకైతే భయంగా ఉంది. జూన్‌లో వెళ్లిపోతున్నానని కాలనీ అంతా చెప్పుకున్నాను. మీరు నోరు విప్పకండి. ఇలా రాయడం తప్పని తెలుసు, అయినా రాస్తున్నాను. చదివి చించెయ్యండి.

మీ గంగ

త్రివేండ్రం,
3-5-1975

ప్రియమైన గంగా,

నీ కార్డులన్నీ అందాయి. జవాబు రాయడానికి మొహం చెల్లలేదు. నువ్వు వద్దన్న ఉత్తరం అందే ముందురోజే సారుకు చెప్పేశాను.

ఆయన వెంటనే వ్యాసం ఆపేశారు. అలాంటిదే మరో పెట్టె కట్టించి, నా చేతే దాని రేకు మీద సుద్దపొడి చల్లించారు. అందుకు మూడు నెలలు పట్టింది. సుద్ద వల్ల లెక్కలో వచ్చిన తేడా నూటికి రెండు కూడా లేదు! నక్షత్రం నిజంగానే మసకబారింది. ఈలోగా వేరే దేశం వాళ్లు ఆ సంగతి ప్రకటించేశారు.

నీ మాట విని ఉంటే ఆ పేరు సారుకు దక్కేది. నాన్న అన్నట్టే చేశాను. మేలు చేశానో కీడు చేశానో ఎంత ఆలోచించినా తేలడం లేదు, గంగా. సిగ్గుతో నిన్న రాజీనామా రాసి పట్టుకెళ్లాను. సారు అది చదవను కూడా లేదు. కాగితం తిరగేసి, వెనక తెల్లగా ఉన్నవైపు కొత్త పెట్టె బొమ్మ గీశారు.

"ఈసారి రేకు ఇంకా పల్చగా కావాలోయ్. ఎన్నాళ్లు పడుతుంది నీకు?" అన్నారు.

ఏడాది అన్నాను. పాపను తీసుకుని వచ్చెయ్యి.

నీ
పరదేశి