పసుపుపచ్చ కనకాంబరం

1954, జూన్ 11

నేను పూలు పెట్టుకోవడం లేదంటే అలిగానట. అమ్మ వీధంతా చెప్పి వచ్చింది. పెరట్లో కనకాంబరాలు కోయకుండా వదిలేస్తున్నాను — విచ్చిన పొద్దే కోసేస్తే కాయ కట్టదు, నాకు విత్తనం కావాలి. అంతే. అలక లేదు, మొక్కు లేదు, మనసులో ఎవరూ లేరు. ఇన్నిసార్లు చెప్పాను. "కాలేజీ సదివినోళ్లు అంతేలే, ఏదీ నేరుగా చెప్పరు" — ఇదీ అమ్మ.

జూన్ 19

ఎండిన కనకాంబరం కంకులు కోసి చేటలో పోసి వసారాలో పెట్టాను. స్నానం చేసి వచ్చేలోగా జేజి, నాయన వాళ్లమ్మ, వాటి మీద నీళ్లు చల్లింది. "వాడిపోతాండాయి కదా అని చల్లినా పాపా!" తడి తగలగానే కాయలన్నీ టపటపా పగిలి, గింజలు గోడకి, జేజి చీరకి, మజ్జిగ ముంతలోకి... జేజి మొదట బెదిరింది, తర్వాత కూలబడి నవ్వింది. "పూవు కనపడితే కోసుకునేదే తెలుసు. దీనికి కాయుంటాదని ఎవురు చూసినారే?"

నిజమే. ఈ ఇంట్లో ఎవరూ చూడలేదు.

జూన్ 20

వసారా ఊడ్చి, దుమ్ములోంచి గింజలు ఏరాను. నడుము పట్టేసింది.

జూలై 2

విత్తాను. ఎర్రమన్ను, వంక ఇసుక, మాగిన పేడ. వాన జాడ లేదు.

జూలై 20

ఏమీ లేదు. నాయన ఓర్వకల్లు నుంచి వస్తూనే మడి దగ్గర నిలబడి — "మొలిచేదేమన్నా వేయగూడదా పాపా? మిరప నారో, వంగ నారో."

జూలై 29

మొలకలు. రెండేసి ఆకులు. ఎవరికీ చెప్పలేదు.

నవంబరు 8

పొయ్యి, బావి, చేట. మళ్లీ పొయ్యి. అనంతపురం కాలేజీలో మైక్రోస్కోపు కింద ఆకు పొర పరిచిన వేళ్లు ఇవే. అలసట పని వల్ల కాదు. రేపు కూడా ఇదేనని తెలియడం వల్ల.

1955, ఫిబ్రవరి 6

పూశాయి. అన్నీ మామూలు కనకాంబరం రంగే. గోడవార చెట్టుది మాత్రం — పసుపుపచ్చ! కళ్లు నులుముకుని చూశాను. దీని గింజలు వేస్తే పసుపే పూస్తాయా, పాత రంగుకే పోతాయా? చదువు అయిపోయాక నాదంటూ ఒక ప్రశ్న ఇప్పుడు దొరికింది.

జేజి — "కామెర్లొచ్చినట్ల ఉండాదే ఇది. పీకెయ్."

మార్చి 30

బావి అడుగంటింది. బియ్యం కడిగిన నీళ్లు, ముఖం కడిగిన నీళ్లు. ముందు గోడవార చెట్టుకి. ఇన్ని పూలు రాలిపోయినా కాయ నిలవలేదు — ఎండ. ఇప్పుడిప్పుడే ఒక కంకి అడుగున ఏదో గట్టిగా తగులుతోంది.

ఏప్రిల్ 14

ఆదివారం ఆలూరు వాళ్లు నన్ను చూడ్డానికి వస్తున్నారు. పిల్లవాడు వకీలు. పెళ్లి ఈ వైశాఖంలోనే కావాలట. నాయన ఈ మాటలన్నీ నాకు కాదు, స్తంభానికి చెప్పాడు.

అమ్మ మడి చూసి మురిసిపోయింది. "ఈ ఎండల్లో పూలు యాడ దొరుకుతాయి? అందుకే పెంచినావేమే, దొంగా!" నిరుడు అలక, ఈ ఏడు ఆత్రం. "ఆ పచ్చవి దండకి నడుమ ఒక వరస వేస్తే శానా బాగుంటాది."

"అవి వద్దమ్మా, విత్తనానికి."

"విత్తనం మళ్లా కట్టదా? వకీలు మళ్లా వస్తాడా?"

ఏప్రిల్ 16

నేను నీళ్లకి పోయి వచ్చేసరికి అమ్మ పూలన్నీ కోసేసింది. గోడవారవి కూడా. పళ్లెంలో అరటినార పక్కన పోసి ఉన్నాయి. అరవలేదు. అరిస్తే దానికీ ఇంకో అర్థం చెబుతారు.

గోడవార చెట్టు దగ్గర కూర్చుని కంకులు తడిమి చూశాను. కంకి అడుగున నాలుగు కాయలు మిగిలాయి. పచ్చివి. అవి ముదరాలి, ఎండాలి. వాన పడ్డాక విత్తాలి. పూత మళ్లీ ఫిబ్రవరికి గానీ రాదు. ఆలూరులో ఉంటే అది నేను చూడను. నా కోసం ఇంకెవరూ చూడరు.

వంటింట్లో దండ కడుతున్నారు. జేజి ఏదో అంది, అమ్మ నవ్వింది.

రేపు వాళ్ల ముందు కూర్చుంటాను. అడిగినదానికి బదులిస్తాను. ఈ ఏడాది పెళ్లి చేసుకోనని కూడా నేనే చెబుతాను.