ఎడమ తొమ్మిది, కుడి ఏడు

జూన్ 3, మంగళవారం

ఈరోజు ఒక జతను విడగొట్టాను. బూట్ల షాపులో ఇంతకు మించిన నేరం లేదట.

మధ్యాహ్నం ఒక బస్ కండక్టర్ వచ్చారు. యాభై దాటిన మనిషి. పెద్ద మీసం, అంతకంటే పెద్ద గొంతు. నల్ల బూట్లు, తొమ్మిదో నంబరు ఇచ్చేయమన్నారు. వేసుకుని చూడక్కర్లేదన్నారు. నేను ఊరుకుంటానా, కూర్చోబెట్టాను.

మా షాపు అద్దాల అరల్లో ఎడమ కాలి బూట్లే ఉంటాయి. కుడివన్నీ స్టోర్ రూములో. ఒంటి బూటు ఎవడూ ఎత్తుకుపోడు కదా. దాంతో ఎడమ కాలే కొలిచి, ఎడమదే తొడిగి, బిల్లు కొట్టించేయడం ఇక్కడ అలవాటైపోయింది. మనిషికి కుడి కాలు కూడా ఉంటుందని మా షాపు మర్చిపోయి చాలా కాలమైంది.

ఆయన ఎడమ కాలు కొలిస్తే ఏడే వచ్చింది. మరి తొమ్మిది ఎందుకడిగినట్టు? కుడిది కూడా కొలిచాను. తొమ్మిది. ఆయన మీసంలోనే సిగ్గుపడ్డారు. చిన్నప్పట్నుంచీ ఇంతేనమ్మాయ్, ఎడమ బూట్లో న్యూస్ పేపరు కుక్కుకుంటాను, సాయంత్రానికల్లా అది ఉండలు కట్టి ప్రాణం తీస్తుంది అన్నారు. రోజంతా నిలబడే ఉద్యోగం ఆయనది.

స్టోర్ రూములోకి వెళ్ళి ఒక డబ్బాలోంచి ఎడమ ఏడు, ఇంకో డబ్బాలోంచి కుడి తొమ్మిది తీసుకొచ్చి తొడిగాను. ఆయన లేచి రెండడుగులు వేశారు. ఆగి కాళ్ళ వంక చూసుకున్నారు. తర్వాత టికెట్, టికెట్ అని అరుస్తూ షాపు ఆ చివరిదాకా నడిచి వెనక్కొచ్చారు. షాపంతా నవ్వింది. నాకైతే ఏడుపొచ్చినంత పనైంది, సంతోషంతో.

మేనేజర్ గారు భోజనం చేసి వచ్చేసరికి బిల్లు అయిపోయింది.

జూన్ 4, బుధవారం

మిగిలిన జత: ఎడమ తొమ్మిది, కుడి ఏడు. కౌంటర్ మీద పక్కపక్కన పెడితే అన్నా తమ్ముడూ ఫొటోకి నిలబడినట్టున్నాయి.

మేనేజర్ గారు వీటినెవరు కొంటారమ్మా అన్నారు. ఆయనెప్పుడూ అరవరు. అరిచినా బాగుండు. ఈ షాపులో ఏ రూలుకైనా మినహాయింపు ఉందిగానీ జత విడగొట్టకూడదన్న రూలుకి మాత్రం లేదన్నారు. నెలాఖరుతో నా ఆరు నెలల ట్రయల్ అయిపోతుంది. ఈలోపు ఈ జత పూర్తి ధరకి, కాలికి సరిగ్గా పట్టే మనిషికి అమ్మితే పర్మనెంట్. లేకపోతే వచ్చే నెల నుంచి రానక్కర్లేదు. నేనే కొనేసుకుంటానంటే, నీ కాళ్ళకి పడతాయా అని అడిగారు. పడవు.

ఇంటికొచ్చి అక్కకి చెప్పాను. అక్క సూపర్ మార్కెట్లో క్యాషియర్. జీతం ఎంతో పని అంతే అనేది దాని సిద్ధాంతం. బీప్ అనిపించు, సంచి చేతికివ్వు, నెక్స్ట్ అను. బట్టల షాపులో ఉద్యోగం ఎందుకు ఊడిందో గుర్తుందా అని దెప్పింది. గుర్తుంది. పెళ్ళికూతురికి కావలసిన రంగు మా దగ్గర లేకపోతే ఎదురు షాపుకి నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. అక్కడ బేరం కూడా చేశాను.

ఊళ్ళోవాళ్ళ బరువంతా నెత్తికెత్తుకోవడం నీ జబ్బు అంది అక్క. అని, నాకిష్టమని పెరుగు మీద మీగడంతా నా పళ్ళెంలోనే వేసింది.

జూన్ 6, శుక్రవారం

జనం మొహాలు చూడటం మానేశాను. కాళ్ళే. బస్ స్టాపులో ఒక పెద్దాయన, ఏం పారేసుకున్నావమ్మా అంటూ నాతోపాటు వంగి వెతకడం మొదలుపెట్టారు.

జూన్ 10, మంగళవారం

ఇక ఇలా కాదని, వచ్చినవాళ్ళందరి కాళ్ళూ కొలవడం మొదలుపెట్టాను. రెండూ. నాతో పనిచేసే నిట్టూర్పుకి ఇది అస్సలు నచ్చలేదు. అతను డబ్బా మూత తీసినా నిట్టూరుస్తాడు, పెట్టినా నిట్టూరుస్తాడు, అందుకే ఆ పేరు. ఇప్పుడు కుడి కాలు కనబడినా నిట్టూరుస్తున్నాడు.

కానీ ఎంత సరదాగా ఉందో! రెండు కాళ్ళూ అచ్చంగా ఒక్కలా ఉన్నవాళ్ళు చాలా తక్కువ. ఒకావిడకి కుడిది కాస్త వెడల్పు. ఇన్నేళ్ళూ బూట్లదే తప్పనుకుని తిడుతూ వచ్చిందట. ఒక కాలేజీ కుర్రాడికి ఎడమది సన్నం. లోపల ఒక మెత్త వేసి ఇస్తే ఎగిరి గంతేసి చూసుకున్నాడు. ఇలా ఒక్కొక్కరికీ ఎక్కువసేపు పడుతోంది, నిజమే. ఎవరూ విసుక్కోవడం లేదు. మన కాళ్ళ గురించి ఇంకొకరు ఇంత శ్రద్ధగా మాట్లాడితే ఎవరికి చేదు?

ఒకాయనకి ఎడమ తొమ్మిది అని రాగానే డబ్బా కోసం సగం లేచిపోయాను. కుడి ఏడున్నర. కాస్త బిగించి తొడిగితే పట్టేది. ఆయన కొనడానికి సిద్ధమే. వద్దని నేనే అన్నాను. నిట్టూర్పు కూడా నిట్టూర్చడం మర్చిపోయి నన్ను చూశాడు.

మేనేజర్ గారు కౌంటర్ వెనక కూర్చుని అంతా చూస్తూనే ఉన్నారు. ఆయనో వింత మనిషి. స్టాఫందరం షాపు బూట్లే వేసుకోవాలని రూలు పెట్టి, తను మాత్రం పట్టీల చెప్పుల్లో వస్తారు. సాయంత్రం ఇద్దరం ఒకే స్టాపులో నిలబడతాం. బస్సు రోజూ స్టాపు దాటి ముందుకెళ్ళి ఆగుతుంది. నేను పరుగెత్తి ఎక్కేస్తాను. ఆయన పరుగెత్తరు. తర్వాతి బస్సుకి ఆగుతారు. హోదాకి తక్కువనేమో!

జూన్ 13, శుక్రవారం

ఈరోజు బస్సులో నవ్వలేక చచ్చాను. మా కండక్టర్ మీసాలాయన కొత్త బూట్లతో బస్సంతా తనే అయి తిరుగుతున్నారు. మా స్టాపు రాగానే, బూట్ల షాపు, బూట్ల షాపు, రెండు కాళ్ళూ కొలుస్తారు, దిగండి దిగండి అని ఒకటే కేక. అసలు ఆ స్టాపు పేరే చెప్పడం లేదు. నలుగురు నిజంగానే దిగారు. అందులో ఒకాయన దిగాల్సింది తర్వాతి స్టాపులోనట. ఎలాగూ దిగాను కదా అని వచ్చి ఒక జత కొన్నాడు.

జూన్ 17, మంగళవారం

ఇంకా దొరకలేదు.

జూన్ 21, శనివారం

అక్కకి వాళ్ళ సూపర్ వైజర్ చీవాట్లు పెట్టిందట. ఎందుకో చెప్పమంటే చెప్పదే. అన్నం తింటూ బతిమాలగా బతిమాలగా చెప్పింది. వారం రోజులుగా బిల్లు కొడుతూ కౌంటర్ మీంచి వంగి కస్టమర్ల కాళ్ళు చూస్తోందట. అనుమానం వచ్చినవాళ్ళని మీ కాళ్ళు రెండూ ఒకటే సైజా అండీ అని అడిగేస్తోందట కూడా. జీతం ఎంతో పని అంతే అన్న మనిషి!

జీతంలో కాళ్ళు కూడా ఉన్నాయా అక్కా అన్నాను. నోర్మూసుకుని తిను అంది. దాన్ని వాటేసుకున్నాను, ఎంగిలి చేత్తోనే.

జూన్ 26, గురువారం

పొద్దున్నుంచీ ఒకటే వాన. కస్టమర్లు లేరు. వీధిలో నీళ్ళు నిలిచాయని గుమ్మంలో పాత అట్టలు పరిచి లోపలికెళ్ళాను. తిరిగి వచ్చి చూస్తే అట్టల మీద తడి పాదాల ముద్రలు. ముందు ఇద్దరు మనుషులు ఒంటికాలితో కుంటుకుంటూ వచ్చారేమో అనుకున్నాను. ఎడమ ముద్రలన్నీ పెద్దవి, కుడివన్నీ చిన్నవి.

కాలు కొలిచే పలక తెచ్చి ముద్ర మీద పెట్టాను. ఎడమ తొమ్మిది. కుడి ఏడు.

నేను లోపలున్నప్పుడు వచ్చింది ఒక్కరే. కౌంటర్ వెనక కూర్చుని, ప్యాంటు మడతలు విప్పుకుంటూ, చేతిలో పట్టుకొచ్చిన పట్టీల చెప్పులు తుడుచుకుంటున్నారు.

ఇంటికొచ్చి అక్కకి చెప్తే, అడక్కు, ఆయన దాచుకున్న సంగతి నువ్వు బయటపెడితే ఊరుకుంటాడా, ఉన్నదీ ఊడుతుంది అంది. అయిదు నిమిషాలు పోయాక మళ్ళీ తనే వచ్చి, అడుగు అంది.

జూన్ 27, శుక్రవారం

నిట్టూర్పు రాకముందే వెళ్ళాను. కస్టమర్ల కుర్చీ తుడిచి, ముందు పలక పెట్టి, కింద కూర్చుని, సార్, కూర్చోండి అన్నాను.

ఆయన పలక వంక చూశారు, నా వంక చూశారు. వెళ్ళి షట్టర్ సగం దించి వచ్చారు. కూర్చున్నారు.

కొలవక్కర్లేదని ఇద్దరికీ తెలుసు. అయినా కొలిచాను, రెండూ. ఆ డబ్బా తెచ్చి తొడిగి లేసులు కట్టాను. ఆయన లేవలేదు. వంగి రెండు బూట్లనీ వేళ్ళతో తడిమి చూసుకున్నారు. తర్వాత మెల్లగా చెప్పారు. ఇన్నేళ్ళుగా ఈ షాపులో ఉన్నాను, నా కాలికి బూటు లేదమ్మా, ఒక జత విడగొడితే చాలని తెలుసు, మిగిలినదానికి మనిషెక్కడ దొరుకుతాడని ఊరుకున్నాను, అలాంటి మనిషి కోసం ఎవరైనా కాళ్ళరిగేలా వెతుకుతారని ఎలా అనుకుంటాను, అన్నారు.

కళ్ళజోడు తుడుచుకున్నారు. నేను కూడా ముక్కు ఎగబీల్చాను. నాకు కళ్ళజోడు లేదు మరి.

స్టాఫ్ డిస్కౌంట్ వేస్తానంటే చిరాకుపడ్డారు. పూర్తి ధర అన్నాను కదా అన్నారు.

జూన్ 30, సోమవారం

పర్మనెంట్!

జీతం మాత్రం పైసా పెరగలేదు. అక్క ముందు అదే అడిగింది. పని పెరిగింది. కొత్త రూలు వచ్చింది: అందరికీ రెండు కాళ్ళూ కొలవాలి. జత విడగొట్టాల్సి వస్తే విడగొట్టవచ్చు, మిగిలినవి ఒక అరలో పెట్టి మనిషి కోసం చూడాలి. ఆ అర బాధ్యత నాదే. నిట్టూర్పు నిట్టూర్చిన నిట్టూర్పుకి రసీదు కాగితాలు ఎగిరాయి.

లాభమేమిటే నీకు అంది అక్క. ఏమో. రేపు పొద్దున్న ఆ షట్టర్ ఎప్పుడెప్పుడు ఎత్తుదామా అని ఉంది. అదే చెప్పాను. పిచ్చిమొహం అని నెత్తిన మొట్టింది.

జూలై 3, గురువారం

సాయంత్రం మీసాలాయన బస్సు ఎప్పటిలాగే స్టాపు దాటి ఆగింది. నేను పరుగెత్తాను. నా వెనక టకటకమని ఇంకెవరో.

మేనేజర్ గారు నన్ను దాటేసి, కండక్టర్ చెయ్యి అందుకుని, మెట్టు మీదకి ఎగిరారు. ఇద్దరూ ఒకరి కాళ్ళు ఒకరు చూసుకున్నారు.

రెండు జతలూ ఒకే బస్సులో వెళ్ళిపోయాయి. నేనే ఎక్కలేకపోయాను, నవ్వు ఆగక.