దొరకని ఏడో పుస్తకం

పినపాక,
14-8-2006

తమ్ముడు జోయెల్‌కు అన్న వందనాలు.

నీ రెండు కిడ్నీలూ పనిచేయడం లేదని, ఖమ్మం దవాఖానాలో ఉన్నావని నీ కూతురు మహిమ ఫోన్ చేసి చెప్పింది. నేను చూడ్డానికి వస్తానంటే నువ్వు గోడ వైపు తిరిగి పడుకున్నావట. నీ తప్పేం లేదు.

మనం బాప్తిస్మం తీసుకున్న రోజు పాస్టరుగారు ఇంట్లో దేవుళ్ల పటాలు మాత్రమే తీసేయమన్నారు. నీ రెక్కల వీరుడి బొమ్మల పుస్తకాలు కూడా మంటలో వేసింది నేనే. ఆ ముసుగు, ఆ నల్ల రెక్కలు చూసి సైతాను అనుకున్నాను. "వాడు దయ్యం గాదన్నా, ఒక్కటన్న సదివి కాలబెట్టు" అని నువ్వు నా చెయ్యి పట్టుకున్నావు. నేను చదవలేదు. ముప్పై ఐదేళ్లుగా నువ్వు నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు చదివాను. నాలుగేళ్లుగా కొత్తగూడెం, బోనకల్ పాత కాగితాల దుకాణాల్లో వెతికి, పన్నెండింటిలో పదకొండు సంపాదించాను. మూడోదాంట్లో అతను వరదలో చిక్కిన ఊరివాళ్లను ఒక్కొక్కరినే మోసి గట్టుకు చేరుస్తాడు. ఎన్నిసార్లు చదివినా ఆ పేజీ తిప్పబుద్ధి కాదు.

గురువారం పుస్తకాలు తెస్తాను. మహిమ చేతికిచ్చి వరండాలో కూర్చుంటాను. నువ్వు పిలవకపోతే లోపలికి రాను.

ఏడో పుస్తకం ఎక్కడా దొరకలేదు. ఆరోదాని చివర అతని రెక్కలు కాలిపోతాయి. ఎనిమిదోదాంట్లో మళ్లీ ఎగురుతుంటాడు. మధ్యలో ఏం జరిగిందో చెప్పడానికి నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు.

నీ అన్న