బ్రూక్షాబాద్ సంధి

విశాఖపట్నం,
జూన్ 9.

గౌరవనీయులైన శ్రీ లోకనాథం గారికి,

నమస్కారములు. నా పేరు అపర్ణ. ఇక్కడి విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. అండమాన్ తెలుగువారి గురించి వాకబు చేస్తుంటే, మీ ఊళ్ళో తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరైన నారాయణమూర్తి గారు మీ పేరూ, రంగత్‌లో ఉండే మీ అన్నయ్య సూరయ్య గారి పేరూ చెప్పారు. ఒకే తల్లి బిడ్డలు, ఒకే బోటు మీద పెరిగినవారు, ఇప్పుడు చెరో ఊళ్ళో స్థిరపడ్డారు. నా పరిశోధనకు ఇంతకంటే తగిన ఇద్దరు దొరకరు.

మీ ఇద్దరి మాటల మధ్య సంధి ఎక్కడ జరుగుతోంది, ఎక్కడ జరగడం లేదు, జరగకపోవడానికి కారణాలేమిటి అన్నది నా పరిశోధనాంశం. మీరిద్దరూ ఒకచోట కూర్చుని గంటసేపు మాట్లాడుకుంటే నేను రికార్డు చేసుకుంటాను. ఆగస్టులో పోర్టుబ్లెయిర్‌లో జరిగే జాతీయ సదస్సులో ఆ ఫలితాలను పండితుల సమక్షంలో సమర్పిస్తాను.

మీ అంగీకారాన్ని ఫోను ద్వారా గానీ ఉత్తరం ద్వారా గానీ తెలుపగలరు.

భవదీయురాలు,
అపర్ణ

తా.క. సూరయ్య గారి అంగీకారం కూడా తప్పనిసరి. ఒక్కరి మాటతో సంధి సంగతి తేలదు.


జంగ్లీఘాట్, పోర్టుబ్లెయిర్,
జూన్ 21.

యూనివర్సిటీ అపర్ణ మేడమ్ గారికి,

రిటైర్డ్ బోటు సరంగు లోకనాథం దండాలు పెట్టి రాస్తున్నది. ఇక్కడ అందరం కులాసా. వానలు పట్టుకున్నాయి, బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి, మనుషులం ఇంట్లో ఉండి ఒకరి మీద ఒకరం విసుక్కుంటున్నాం.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అన్నయ్యకూ నాకూ సంధి లేక చాలా ఏళ్ళయింది. బంధువుల్లో ఎవరి వల్లా జరగలేదు. కారణాలు మాస్టారు చెప్పే ఉంటారు, మళ్ళీ నేను రాయడం దేనికి. కానీ యూనివర్సిటీ అంతటిది దీన్ని పట్టించుకుంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. ఫోను చెయ్యమన్నారు. ఇలాంటివి కాగితం మీద ఉండటమే మంచిది.

సంధికి నేను సిద్ధమే. అయితే షరతులున్నాయి. ముందున్నది తగ్గితేనే వెనకది నిలుస్తుంది. ఈ సంగతి మీ పండితులకు ముందే చెప్పండి. ఇంకోటి, ఏది జరిగినా మధ్యలో జరగాలి. ఈ చివరా వద్దు, ఆ చివరా వద్దు.

ఇట్లు తమ విధేయుడు,
లోకనాథం

తా.క. మా ఇంటి మాట జాతీయ సదస్సు దాకా ఎలా వెళ్ళిందా అని నేను ఆశ్చర్యపోతుంటే మా కోడలు భాను, "మనది కేంద్రపాలితం కదా మామయ్యా. మధ్యలో రాష్ట్రం లేదు, సీదా జాతీయానికే పోతుంది" అంది.


విశాఖపట్నం,
జూలై 3.

గౌరవనీయులైన లోకనాథం గారికి,

నమస్కారములు. మీ ఉత్తరం చదివి హాస్టలు గదిలో గెంతులేశాను. మీకూ అన్నయ్యకూ సంధి లేక ఏళ్ళయిందనీ, బంధువుల్లోనూ జరగడం లేదనీ మీ అంతట మీరే గమనించారు. దీనికి కారణం హిందీ ప్రభావమేనని నా గట్టి నమ్మకం.

ఇక మీ షరతులు. వాటిని మేము సూత్రాలంటాము. ముందున్నది తగ్గాలన్నది అక్షరాలా నిజం. లోపం ఎప్పుడూ ముందున్నదానిదే, వెనక వచ్చినదానిది కాదు. ఇది పూర్వమే పండితులు తేల్చిన విషయం. 'మా', 'అమ్మ' దగ్గర మాత్రం సంధి లేదు. అలాంటి చోట మధ్యలోకి 'య' వచ్చి రెంటినీ కలుపుతుంది. మీ ఇంట్లో ఆ 'య' ఇప్పటికీ వస్తోందా, రావడం మానేసిందా? దయచేసి గమనించి ఉంచండి.

నేను ఆగస్టు మొదట్లో ఓడలో వస్తున్నాను.

భవదీయురాలు,
అపర్ణ

తా.క. 'య' వస్తే చాలా సంతోషం. రాకపోతే మాత్రం బలవంతం చేయకండి. సహజంగా రావాలి.


జంగ్లీఘాట్,
జూలై 24.

అపర్ణమ్మకు,

లోకనాథం ఆశీర్వదించి రాస్తున్నది. ఇంత తెలిసిన మనిషిని మేడమ్ అని దూరం పెట్టడం బాగాలేదు, అందుకే అమ్మా అంటున్నాను.

మీ ఉత్తరం చూసి నాకు చెమటలు పట్టాయి. రంగత్‌లో మా వదిన గురమ్మకు పక్కింటి హిందీ దీదీ ఒకావిడ చెవిలో ఏదో ఒకటి ఊదుతూ ఉంటుందని నాకు ఎప్పటి నుంచో అనుమానం. మీరు విశాఖపట్నంలో కూర్చుని కనిపెట్టేశారు. లోపం ముందు పుట్టినవాడిదేనని పండితులు తేల్చారంటే నేను సంతోషించాలి. ఎందుకో సంతోషం కలగలేదు. ఆ ముక్క చదవగానే అన్నయ్య మొహం కళ్ళముందు మెదిలింది.

అమ్మ దగ్గరే సంధి లేకుండా పోయిందని రాశారు. నిజం. అమ్మకు బాగాలేదని కబురందగానే అన్నయ్య రంగత్‌లో బయలుదేరాడు. ఆరోజు పెద్ద వాన. అడవి దారిలో గేటు దగ్గర పోలీసులు బళ్ళన్నిటినీ వేళ ప్రకారం గుంపుగా వదులుతారు. ఆ వేళ దాటిపోయింది, ఆయన అక్కడే ఆగిపోయాడు. ఇక్కడ అమ్మ పోయింది. ఇక ఉంచకూడదని పెద్దలు తొందరపెట్టారు. మా ఇళ్ళల్లో తల్లికైనా పెద్దకొడుకే పెట్టాల్సిన తలకొరివి నేను పెట్టాను. మర్నాడు ఆయన వచ్చి గుమ్మంలో కాసేపు నిలబడి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. అంతే, అప్పటి నుంచి మాటల్లేవు.

ఇక 'య' అంటే మా చెల్లెలు యర్రమ్మేనని చదవగానే అర్థమైంది. బ్రూక్షాబాద్‌లో ఉంటుంది. మా ఇద్దరి మధ్యా నలిగిపోయి రావడం మానేసింది. మీ ఉత్తరం పట్టుకుని నేనే వెళ్ళాను. తన ప్రస్తావన యూనివర్సిటీ దాకా వెళ్ళిందని విని కళ్ళు తుడుచుకుంది. సంధి దానింట్లోనే. మీ ఉత్తరాలు రెండూ జిరాక్సు తీయించి, రంగత్ బస్సు నడిపే వీరేంద్ర భయ్యా చేత అన్నయ్యకు పంపాను. "ఠీక్ హై, వస్తాను" అని కబురు చేశాడు.

ఇట్లు,
లోకనాథం

తా.క. 'య'ను నేను బలవంతం చేయలేదమ్మా. మర్నాడు సహజంగానే మా ఇంటికి వచ్చింది. వస్తూ వస్తూ ఎండుచేపలు కూడా తెచ్చింది.


విశాఖపట్నం,
ఆగస్టు 19.

లోకనాథం బాబాయ్ గారికి,

అపర్ణ నమస్కరించి రాస్తున్నది. మీ ఉత్తరం నేను ఓడెక్కిన తర్వాత ఇక్కడికి చేరింది. నిన్న తిరిగొచ్చి చదివాను.

బాబాయ్ గారూ, నేను రాసిన సంధి రాజీ కాదు. రెండు మాటలు కలిసేటప్పుడు అక్షరాలు మారతాయే, ఆ వ్యాకరణ సంధి. 'మా అమ్మ' అన్నప్పుడు 'మాయమ్మ' అంటారా, అనరా అన్నదే నేనడిగింది. ఆ ఉత్తరం రాసేనాటికి మీ అమ్మగారి గురించి నాకేమీ తెలియదు. నన్ను క్షమించాలి.

ఆరోజు మాస్టారు నన్ను బ్రూక్షాబాద్‌లో మీ చెల్లెలి గారింటికి తీసుకెళ్ళాక, మీరిద్దరూ చాపకు చెరో చివర కూర్చుని, ఒకరితో ఒకరు అనాల్సింది నాతో అంటుంటే, రికార్డరును చూసి బిడియపడుతున్నారనుకున్నాను. అందుకే దాన్ని అక్కడే వదిలి, యర్రమ్మ గారికి సాయంగా వంటింట్లోకి వెళ్ళాను. తర్వాత లాడ్జిలో విన్నాను. మొదట చాలాసేపు వాన చప్పుడే ఉంది. ఆ తర్వాత సూరయ్య గారి గొంతు.

"అమ్మ ఆకర్ని ఏటన్నాది?"

"పెద్దోడికి గేటు దొరికినాదేటి అని అడిగినాది."

"నువ్వేటన్నావు?"

"దొరికినాదమ్మా, వచ్చేస్తన్నాడు అన్నాను."

ఆ తర్వాత మళ్ళీ వానే. చివర్లో నేను టీ గ్లాసులతో వచ్చి, "ఇంకా మొదలుపెట్టలేదా?" అని మిమ్మల్ని అడిగాను. అది కూడా రికార్డయింది. అది గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతున్నాను.

మర్నాడు సదస్సులో వేదిక ఎక్కి, రికార్డింగు వినిపించలేనని చెప్పాను. అధ్యక్షులవారు కళ్ళజోడు సవరించుకుని, ఇంతకీ సంధి జరిగిందా లేదా అని అడిగారు. జరిగిందండీ, కానీ ఉదాహరణలు ఇవ్వలేను అన్నాను. మా గైడు గారు ఇప్పటికీ నాతో ముభావంగానే ఉన్నారు. ఆ అధ్యాయం మళ్ళీ మొదటి నుంచి రాయాలి. రికార్డింగును పెన్‌డ్రైవ్‌లో వేసి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. నా దగ్గరున్నది చెరిపేశాను. అది మీది.

మీ
అపర్ణ

తా.క. నా ప్రసంగం ముందే అయిపోవడంతో ఆరోజు అందరికీ భోజనం వేడివేడిగా దొరికింది. చాలామంది ప్రొఫెసర్లు వచ్చి కృతజ్ఞతలు చెప్పారు. నా పరిశోధన గురించి ఎవరూ ఏమీ అడగలేదు.


జంగ్లీఘాట్,
ఆగస్టు 31.

మా అపర్ణమ్మకు,

బాబాయ్ ఆశీస్సులు. నీ ఉత్తరం వచ్చేసరికి అన్నయ్యా వదినా మా ఇంట్లోనే ఉన్నారు. నా కళ్ళజోడు కనబడక, నారాయణమూర్తి మాస్టారు వస్తే ఆయన చేత పైకి చదివించాను. వ్యాకరణం అన్న ముక్క రాగానే అన్నయ్య వైపు చూశాను. యూనివర్సిటీ మాట మీద గౌరవంతో వచ్చినవాడు, ఇదంతా అక్షరాల గొడవని తెలిస్తే అటునుంచి అటే బస్సెక్కేస్తాడేమోనని భయపడ్డాను. ఆయన మాత్రం తొణక్కుండా టీ తాగుతున్నాడు.

"నాకు అప్పుడే తెలుసురా" అన్నాడు.

ఆయన కూతురు మంజు రంగత్‌లో తెలుగు టీచరు. నేను పంపిన జిరాక్సులు చూసి, ఇది రాజీ కాదు నాన్నా, బళ్ళో చెప్పే గ్రామరు, పాపం చిన్నాన్న పొరబడ్డాడు, ఫోను చేసి చెప్పనా అని అడిగిందట. ఈయన వద్దన్నాడట.

"తెలిసీ ఎందుకొచ్చినావు?" అని అడిగాను.

"కాయితం గ్రామరుదేరా. పంపినోడివి నువ్వు కదేటి."

మాస్టారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. వదిన లేచి, పొయ్యి మీద ఏదో మాడుతోందని లోపలికి వెళ్ళింది. పొయ్యి మీద ఏమీ లేదు.

పెన్‌డ్రైవ్ మేము వినలేదు. యర్రమ్మ తన దగ్గర ఉంచుకుంటానంది, ఇచ్చేశాం. మా వల్ల నీ అధ్యాయం పాడైందని అన్నయ్య నొచ్చుకుంటున్నాడు. మళ్ళీ రామ్మా. నీకు ఏ సంధి కావాలంటే ఆ సంధి వచ్చేదాకా ఇద్దరం మాట్లాడతాం. మంజు కూడా సాయం చేస్తానంది. లాడ్జికి వెళ్ళొద్దు, మా ఇంట్లోనే దిగు.

నీ
లోకనాథం బాబాయ్

తా.క. నిన్న సాయంత్రం అన్నయ్యా నేనూ అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నాం. ఇంజను చప్పుడు మీద అరిచి అరిచి అలవాటైన గొంతులు మావి. గొడవ పడుతున్నామనుకుని వీధిలో వాళ్ళు నలుగురు పరిగెత్తుకొచ్చి, మమ్మల్ని చెరోపక్కకూ లాగి, చివాట్లు పెట్టి, చేయీ చేయీ కలిపి రాజీ చేసి వెళ్ళారు. మేం కాదనలేదు. వాళ్ళు అంత కష్టపడ్డారు కదా, ఆ సంతోషం ఎందుకు పాడుచేయాలి.