ఎదిగే పిల్లకు తుపాకీ

సెప్టెంబర్ 6, శనివారం

తుపాకీ ఇంట్లోకి వచ్చింది. ఆయనా, మా అమ్మాయి శ్రావ్యా పొద్దున సస్కటూన్ పట్నం వెళ్ళి మధ్యాహ్నానికి తెచ్చారు. గుమ్మంలో ఆపాను — దిష్టి తియ్యాలా, వద్దా? ఏదీ తోచక పక్కకి జరిగాను.

దాని నంబరు థర్టీ-ఓ-సిక్స్ అట. పదిహేనేళ్ళ పిల్లకి ఇంత వద్దని షాపులో అబ్బాయి చిన్న నంబరుది చూపించాడట. ఈయన వినలేదు. "ఎదిగే పిల్ల. రెండేళ్ళకి చాలకపోతే మళ్ళీ కొనాలా?" నాకూ సబబే అనిపించింది. బూట్లు, చలికోట్లు, సైకిలు... మేము ఏది ఒక సైజు పెద్దది కొనలేదు? బూట్ల ముందు భాగంలో దూది కుక్కితే సరిపోయేది.

వెనక కట్టె భుజానికి ఆనిస్తే దాని వేలు ట్రిగ్గర్ దాకా సాగదీసినట్టు అందుతోంది. "ఎదుగుతుందిలే" — ఇద్దరం ఒకేసారి అన్నాం.

నవంబర్లో జింకల వేటకి ఎదురింటి ఎల్సీ గారు శ్రావ్యని తనతో తీసుకెళ్తానన్నారు. వచ్చే ఏడు ఆవిడ మోకాళ్ళు ఒప్పుకోవట. నేను ఒప్పుకున్నది ఒక్క మాట మీద — జింక పడితే దెబ్బ తగిలిన చోటే పడాలి. కాలికో కడుపుకో తగిలి ఆ మూగప్రాణి పొదల్లో ఈడ్చుకుంటూ పోవడం నా పిల్ల చేతి మీదుగా జరగకూడదు. స్వామి పటం ముందు నిలబెట్టి చెప్పాను. "ఐ ప్రామిస్, మా" అంది. ఆ మొహంలో వెలుగు!

సెప్టెంబర్ 7, ఆదివారం

రోడ్డుకి అవతల ఎల్సీ గారి పొలం. కనోలా పంట కోసేశారు, మోళ్ళు మిగిలాయి. మట్టిదిబ్బకి అట్ట ఆనించి, పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని ఆవిడే నేర్పారు. డెబ్బై దాటినా చెయ్యి వణకదు.

మొదటి దెబ్బకే శ్రావ్య వెనక్కి తూలింది. ఇంకో మూడు పేల్చింది. అట్ట మీద ఎక్కడా చిల్లు లేదు.

"నొప్పిగా ఉందా?"

"ఐ యామ్ ఫైన్."

సాయంత్రం తల దువ్వుతుంటే కనబడింది. మెడ పట్టీ జారి — భుజం కింద వంకాయ రంగు మచ్చ, అరచెయ్యంత. పసుపు వేడిచేసి పట్టు వేశాను.

సెప్టెంబర్ 9

స్కూల్ బ్యాగు ఎడమ భుజానికి మార్చింది. ఎందుకంటే ఫ్యాషన్ అట.

సెప్టెంబర్ 14, ఆదివారం

ఎల్సీ గారు ఈరోజు ఒక పని చేశారు. తానే నింపి ఇస్తానని తుపాకీ తీసుకుని, నింపినట్టే నింపి, ఖాళీది ఇచ్చారు. శ్రావ్యకి తెలీదు. గురి పెట్టింది, నొక్కింది. టక్... అంతే. కానీ గొట్టం ముక్కు జానెడు కిందికి దిగింది. పిల్ల కళ్ళు గట్టిగా మూసుకున్నాయి. రాని దెబ్బకి.

ముగ్గురం చూశాం. శ్రావ్య మొహం కందిపోయింది.

"తప్పు నీది కాదు తల్లీ. తన్నే గుర్రాన్ని తెచ్చి నీ చేతికిచ్చారు," అన్నారు ఎల్సీ గారు. తర్వాత నావైపు తిరిగి — "ఎందుకింత పెద్దది కొన్నారు, లక్ష్మీ?"

"ఎదిగే పిల్ల కదా అని..." నా ఇంగ్లీషులో చెప్పగలిగినంత చెప్పాను.

ఆవిడ నన్నూ, తుపాకీనీ మార్చి మార్చి చూశారు. పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. "ఇదేమైనా స్వెట్టరా, చేతులు మడిచి తొడుక్కోవడానికి?"

నాకూ నవ్వొచ్చింది. శ్రావ్య కూడా ఆఖరికి — "దే బై ఎవ్రీథింగ్ టూ బిగ్, ఎల్సీ! అమ్మ నన్ను ఇప్పటికీ కాటన్ పెట్టుకోమంటుంది బూట్స్‌లో."

తిరిగొచ్చేటప్పుడు రోడ్డు మీద నా చెయ్యి పట్టుకుంది. ఈ మధ్య పట్టుకోవడం మానేసింది. "మా, నేను కళ్ళు మూసుకుంటే... జింకకి ఎక్కడ తగులుతుందో..." సగంలో ఆపేసింది. భయం వేసినప్పుడు తెలుగు వస్తుంది దానికి.

సెప్టెంబర్ 15

ఆయనకి చెప్పాను. "మొదట్లో అందరికీ అంతే." అన్నం తిని లేచాక మాత్రం — "ఇంతకీ బూట్లలో దూది సంగతి ఎల్సీకి చెప్పిందా?"

అదీ ఆయన దిగులు.

సెప్టెంబర్ 20, శనివారం

గుళ్ళో సుగుణ వదిన. పరిచయమైనప్పటి నుంచీ ఒకరికొకరం వదినలమే. ప్రసాదం పంచుతూ చెవిలో —

"శనివారాలు చేసే మనిషివి. జింక కావాలని అడిగిన ఆడమనిషికి ఏమైందో తెలిసీ, ఇదేం సరదా వదినా?"

"ఆవిడ మొగుణ్ణి పంపింది వదినా. మా పిల్ల తనే వెళ్తానంటోంది."

అంత మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో! వదిన గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వచ్చేటప్పుడు చెప్పుల దగ్గర — "పడితే మాత్రం, పచ్చడి పెట్టి ఒక సీసా ఇటు పంపు."

కారులో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. కానీ వదిన అన్నదాంట్లో ముల్లు ఒకటుంది. శ్రావ్యని అడిగాను, ఎందుకమ్మా ఇదంతా అని. ఇంగ్లీషులో చాలా చెప్పింది. నాకు మిగిలిందిది — మనం కోడిని తింటాం, చేపని తింటాం, చంపేవాడి మొహం కూడా చూడం. నేను తినేది నేను చూసి తింటాను.

మా నాన్న కూడా కోడిని కోసేటప్పుడు మమ్మల్ని లోపలికి పొమ్మనేవాడు.

సెప్టెంబర్ 27, శనివారం

నవరాత్రుల్లో తుపాకీ పట్టాను. రాస్తుంటే నాకే వింతగా ఉంది. అమ్మవారి చేతుల్లోనూ ఆయుధాలే కదా.

ఎల్సీ గారు ఇంకో రెండు తెచ్చారు. ఒకటి పెళ్ళై వెళ్ళిన మనవరాలిది — టూ-ఫార్టీ-త్రీ, పొట్టి కట్టెది. ఇంకోటి మేనల్లుడిని అడిగి తెచ్చింది — సెవెన్-ఎంఎం-ఓ-ఎయిట్. పికప్ బండి వెనక తలుపు దించి, పాత బొంత పరిచి, మూడు రకాల తూటాలు నిలబెట్టి చూపించారు. మాది అన్నిట్లోకీ పొడుగు. టూ-ఫార్టీ-త్రీకి చిన్న ముక్కు. అంతకన్నా చిన్నది జింకకి ఇక్కడ చట్టమే ఒప్పుకోదట.

నేను అడిగింది ఒక్కటే. "జింకకి ఏది మంచిది?"

"జింకకి నంబరు తెలీదు లక్ష్మీ. ఎక్కడ తగిలిందో అదే తెలుస్తుంది."

కాస్త పెద్దదైతే దెబ్బ గట్టిది, వేలెడు పక్కకి పోయినా పని అవుతుంది. చిన్నది మెత్తగా తంతుంది, కానీ దగ్గర నుంచి, సరిగ్గా గుండె దగ్గరే తగలాలి. నా మనసు పెద్దది, సెవెన్-ఎంఎం వైపే పోయింది — ప్రాణం తొందరగా పోతుంది కదా అని. కానీ పిల్ల భుజం?

శ్రావ్య రెండూ పేల్చి, "బోత్ ఆర్ ఫైన్" అంది.

ఎల్సీ గారు దాని వైపు చూడనే లేదు. "ఇది నిజం చెప్పదు. నువ్వూ దీని ఎత్తే ఉన్నావు. నువ్వు పేల్చి చెప్పు."

"నేనా!"

"మా, ప్లీజ్! ఓ మై గాడ్, ప్లీజ్!"

కొంగు దోపాను. చప్పుడు ఆపే ఆ చెవి డొప్పలు ముడి మీద కూర్చోలేదు, ముడి విప్పి జడ వేసుకోవాల్సి వచ్చింది. ఎల్సీ గారు నా వెనకే, చెయ్యి నా వీపు మీద.

సెవెన్-ఎంఎం — భుజం మీద ఎవరో తలుపు వేసినట్టు. భరించొచ్చు. కానీ రెండోసారి నొక్కబోతుంటే నా కళ్ళు వాటంతటవే మూసుకున్నాయి. నావి కూడా! అప్పుడు తెలిసింది, పిల్ల ఏం దాచుకుంటోందో.

టూ-ఫార్టీ-త్రీ — "ఏవమ్మా" అని ఎవరో తట్టినట్టు. అంతే. మళ్ళీ పేల్చాను. కళ్ళు తెరిచే ఉన్నాయి. దూరంగా వేలాడదీసిన ఇనప పళ్ళెం ఠంగుమంది. గుడిగంట లాగే.

శ్రావ్య గంతులు. ఎల్సీ గారు — "ప్రతిసారీ ఏదో అంటున్నావు, ఏమిటది?"

సిగ్గేసింది. "దేవుడి పేరు. గోవిందా."

"అది అంటూ ఊపిరంతా వదిలేస్తున్నావు. అందుకే చెయ్యి కదలట్లేదు." పిల్లతో — "మీ అమ్మలా చెయ్యి."

"పైకి మాత్రం అనను."

"లోపలే అనుకో."

పెదవులు కదిలాయి, చూశాను. కళ్ళు తెరిచే ఉంచింది. ఠంగ్. మళ్ళీ ఠంగ్. ఎల్సీ గారు కూడా సరదా పడి ఒకటి పేల్చారు — "గో-విన్-డా!" పొలమంతా వినబడేట్టు.

టూ-ఫార్టీ-త్రీ అనే తేల్చాం. షరతు — ఎల్సీ గారి గేటు నుంచి ధాన్యం నిలవచేసే పెద్ద ఇనప డబ్బా ఎంత దూరమో, అంతకి అవతల ఏది నిలబడ్డా ముట్టుకోకూడదు.

భుజానికి మందేమీ రాసుకోలేదు. కొంచెం నొప్పి ఉండనీ, బాగుంది.

స్వామీ, నీ పేరు అక్కడ అనొచ్చా? నాకు తెలీదు.

అక్టోబర్ 2, విజయదశమి

ఆయుధపూజ. నా కుట్టు మిషను, ఆయన వెల్డింగ్ టార్చి, కారు తాళాలు, కత్తిపీట, పక్కన రెండు తుపాకులు — తాళాలు వేసి, ఖాళీగా. పనిముట్టు కదా, పూజ లేకుండా ఎలా? అన్నిటికీ పసుపు, కుంకుమ.

అక్టోబర్ 4, శనివారం

ఎల్సీ గారు గురి అద్దంలోంచి చూసి — "ఊరంతా ఎర్రగా ఉందేమిటి?"

అద్దానికే బొట్టు పెట్టానట. వేలికి నెయ్యి కూడా ఉంది కాబోలు. అరగంట తుడిచారు, నవ్వుతూనే. "వచ్చే ఏడు చెక్క మీద పెట్టు, దేవుడు అక్కడ కూడా ఉంటాడు."

థర్టీ-ఓ-సిక్స్ తానే వాడతానన్నారు ఆయన. రెండు పేల్చారు. ఇంట్లో బామ్ వాసన. ఎవరికీ ఏమీ కాలేదట.

అక్టోబర్ 22

కార్తీకం మొదలు. నెల పోయేదాకా మాంసం ముట్టను. "అయితే జింక పడినా నీకు లేనట్టే," అన్నారు ఆయన. ఫ్రీజర్ ఉన్నదెందుకు?

నవంబర్ 2, ఆదివారం

మంచు పడింది, పాదం మునిగేంత. ఎల్సీ గారు మళ్ళీ ఖాళీ తుపాకీ ఇచ్చి చూశారు, చెప్పకుండా. టక్. గొట్టం కదల్లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

ఆవిడ నావైపు చూసి కన్ను గీటారు. ఇంటికొచ్చి పరమాన్నం చేశాను. ఎందుకని ఆయన అడిగారు. "ఊరికే."

నవంబర్ 11, మంగళవారం

బడికి సెలవు. చీకటితోనే వెళ్ళారు ఎల్సీ గారూ, శ్రావ్యా, తల నుంచి కాలి దాకా నారింజ రంగు వేట బట్టల్లో. నేను దీపం పెట్టి కూర్చున్నాను. పారాయణ సాగలేదు, చెవులు బయటే ఉన్నాయి. ఏ చప్పుడూ లేదు.

పదకొండింటికి వచ్చింది. బుగ్గలు ఎర్రగా, ముక్కు కారుతూ. పెద్దది, కొమ్ములది వచ్చిందట. మేస్తూ మేస్తూ ఆగిందట. ధాన్యం డబ్బా దూరానికి కాస్త అవతల.

ఆయన — "కాస్తేగా! అటూ ఇటూ చూసుకుని కొట్టేయాల్సింది."

"నో, నాన్నా. ఇట్ వాజ్ టూ ఫార్."

చూస్తూ కూర్చుందట, అది చెట్లలోకి వెళ్ళిపోయేదాకా. "ఇట్ హాడ్ ఐలాషెస్, మా." ఎల్సీ గారు పిల్ల వీపు తట్టారట.

ఈ ఏడు ఇంక ఏమీ పడకపోయినా నాకు చాలు. కానీ అది నాకు. శ్రావ్య కళ్ళు ఇప్పటికీ కిటికీలోంచి ఆ చెట్ల వైపే.

నవంబర్ 14

ఎల్సీ గారి మోకాలు వాచింది. రేపు వెళ్తాం అంతే అంటున్నారు. తర్వాత సంగతి చెప్పరు.

టీ తాగుతూ ఒక మాట చెప్పారు. జింక పడితే వాళ్ళ నాన్న దాని నోట్లో పచ్చటి కొమ్మ ఒకటి పెట్టేవారట. ఆఖరి మేత. ఆవిడా పెడతారు. శ్రావ్యకీ నేర్పుతారట. పోయేవాళ్ళ నోట్లో మేమూ తులసి నీళ్ళు పోస్తామని చెప్పాను. చాలాసేపు నా చెయ్యి వదల్లేదు ఆవిడ.

నవంబర్ 15, శనివారం

శనివారం, ఏకాదశి, కార్తీకం. "మూడూ కలిసొచ్చాయి. జింకకి ఇంతకన్నా మంచి రోజు దొరుకుతుందా? నేరుగా వైకుంఠమే," అన్నారు ఆయన. కోప్పడదామనుకుని నవ్వాను.

దీపం వెలిగించేసరికి వాళ్ళు పొలం దాటారు. ఉపవాసం. వంట పని లేదు. అందుకే పొద్దున్నే ఇలా రాస్తూ...

ఇప్పుడే. ఒక్క చప్పుడు. చెట్ల వైపు నుంచి.

రెండోది రాలేదు. రాకూడదు కూడా. ఒక్కటే చాలిందా? లేక గురి తప్పి, అది పారిపోయిందా? తగిలి పారిపోయిందా? ఆయన కిటికీ దగ్గర నిలబడ్డారు. ఇప్పుడు హాస్యాలు లేవు.

ఫోన్. శ్రావ్య మెసేజ్. "కమ్, మా." అంతే. బాగుందనీ లేదు, బాగోలేదనీ లేదు.

కోటు ఒక చేతికి తొడుక్కుని రాస్తున్నాను. ఏకాదశి నాడు తులసి కొయ్యొచ్చో లేదో అడగడానికి ఇక్కడెవరున్నారు? కుండీకి దండం పెట్టి జింకకి ఒక ఆకు కోశాను. మూత చెంబులో నీళ్ళు పోసి, అందులో వేశాను.

మళ్ళీ మూత తీసి ఇంకో ఆకు వేశాను. పిల్లకి, తీర్థంలా.