నాన్న వేళ్ళకు తెలిసే ఓవెన్

అమ్మా, నేను క్షేమం. ఉద్యోగం ఊడలేదు, ఓవెన్ల కొట్టాయనతో తప్ప ఎవరితోనూ గొడవ పడలేదు.

చూపు మందగించాక నాన్నను పొయ్యి దగ్గరికి రానివ్వడం లేదనీ, నువ్వు పని నుంచి వచ్చేదాకా ఆయన చల్లారిన అన్నమే తింటున్నాడనీ చెల్లి రాసింది. అందుకే మైక్రోవేవ్ కొనడానికి వెళ్ళాను. కొట్టాయన తళతళలాడే టచ్ రకం చూపించి, నూరు వంటలు చేస్తుందన్నాడు. "చూపు ఆనని మనిషి ఈ నున్నటి అద్దం మీద ఏం వెతుక్కుంటాడు? త్వరగా పాడైతే మళ్ళీ కొంటామనేగా మీ కంపెనీల ఎత్తు!" అని గొంతు పెంచాను. "బాబూ, కొంటావా, సభ పెడతావా?" అన్నాడు. కొన్నాను. గ్రిల్లూ గిల్లూ లేని, రెండు నాబ్‌ల చిన్నది. ఈ రకమే ఎక్కువకాలం మన్నుతుందనీ, విడిభాగాలు చవగ్గా దొరుకుతాయనీ మా వీధి మెకానిక్ ముందే చెప్పాడు.

ఊళ్ళో ఉన్న రోజుల్లో నేను కరపత్రాలు పంచి, తిట్లు తిని ఇల్లు చేరితే, నాన్న కుట్టుమిషన్ ఆపి లేచి, అన్నం వెచ్చబెట్టి, "ముందు తినరా, లోకాన్ని తర్వాత మారుద్దువుగాని" అనేవాడు. ఇక్కడ మెస్సులో కూర్చున్నప్పుడల్లా ఆ మాటే చెవిలో పడుతుంది.

పార్సిల్ శనివారం వస్తుంది. స్టీలు గిన్నెలు ఓవెన్‌లో పెట్టకండి. టైం తిప్పే నాబ్ పక్కన, రెండు నిమిషాల గీత దగ్గర, నాన్న డబ్బాలోని గుండీ ఒకటి అతికించమని చెల్లికి చెప్పు. ఆయన వేళ్ళు పట్టేస్తాయి. అది కోటుదో చొక్కాదో కూడా చెబుతాడు. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? చెల్లికి దీవెనలు, నాన్నకు దండాలు. ఇకమీదట నువ్వు ఇంటికొచ్చేసరికి నీ అన్నం కూడా ఆయనే వెచ్చబెట్టి ఉంచుతాడు, చూస్తూ ఉండు.