అచ్చయిపోయిన అత్త మందు

రాజాం, 2014, ఆదివారం

మొక్కల ప్రొఫెసరు పుస్తకం వచ్చింది. ఊరందరినీ ఆటపట్టించే నన్నే ఆయన ఆడించాడు. మొక్కలు చూపిస్తూ మూడేళ్లు ఆయన్ని గట్ల వెంట తిప్పాను. సరదాకి పది ఆకులకు దొంగ గుణాలు చెబితే నవ్వి వదిలేశాడు. నోరుజారిన ఒక్క నిజాన్ని మాత్రం ఫొటోతో సహా అచ్చేశాడు. అది అప్పలనరసమ్మత్త ఇచ్చే కామెర్ల మందు. ఆకు పేరు బయటపడితే మందు పనిచెయ్యదని ఆవిడ నమ్మకం. అందుకే తెల్లారకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా కోసుకొస్తుంది. చిన్నప్పుడు చాటుగా వెంటపడి చూసింది నేనొక్కడినే. ఎవరికీ చెప్పనని ప్రొఫెసరు నా చేతిలో చెయ్యి వేశాడు.

ఫోన్ చేసి అడిగితే, "మందు దాచుకోవడం జనాన్ని మోసం చెయ్యడమే" అన్నాడు. ముందుమాటలోనూ అదే రాశాడు. మరి నాకిచ్చిన మాటో?

ఫొటో ఎవరో అత్తకు చూపించేశారు. ఆయన్ని వెంట తిప్పింది నేనేనని ఊరంతా ఎరుగుదురు. ఇవాళ భోగాపురం నుంచి ఒకతను భార్యను తీసుకొచ్చాడు. ఆమె కళ్లు పసుపుముద్దల్లా ఉన్నాయి. అత్త గుమ్మం దిగలేదు.

"నా మందు సచ్చిపోనాది నాయనా. ఆస్పత్రికి తీసుకుపో."

వాళ్లు వెళ్లాక నవ్వించబోయాను. "అత్తా, ఆ పుస్తకాలాయన బుర్రకి మందేటైనా ఉన్నాదేటి?"

నలభై ఏళ్లుగా నన్ను ఒరే అని తిట్టే మనిషి నా ముఖం కూడా చూడలేదు.

"మీరు ఎల్లండి బాబూ" అంది.